రేకుల కప్పు మీద తుప్పు స్క్రూలు మార్చిన నా అనుభవం

వానలు మొదలైన రెండో వారంలో పడకగది గోడ మీద గోధుమ రంగు చార ఒకటి కనిపించింది. పైకప్పు అంచు నుంచి సన్నగా దిగి, జానెడు దూరంలో ఆగిపోయింది. వేలితో తుడిస్తే వేలికి అంటింది. అది మట్టి కాదు, తుప్పు నీరు. రేకులు వేయించి పదకొండేళ్లయింది. వాటికి ఎక్కడా చిల్లు పడలేదు, రంగు కూడా పెద్దగా వెలిసిపోలేదు. తుప్పు పట్టింది వాటిని పట్టి ఉంచిన స్క్రూలకు.

ఆ చార నాకు కొత్త కాదు. అంతకు ముందు ఏడాది అలాగే కారితే కప్పెక్కి, ఎర్రబడిన స్క్రూ తలలన్నిటి మీదా, సందులు పూడ్చే సిలికాన్ జిగురు ముద్దలు పెట్టి దిగాను. ఆ ఏడాది మళ్లీ చుక్క పడలేదు. పని అయిపోయిందని నమ్మాను. ఈసారి పైకెక్కి ఒక ముద్దను గోటితో లేపి చూస్తే, కింద స్క్రూ తల సగం కరిగిపోయి ఉంది. దాని చుట్టూ రేకు మీద పెద్ద గుండీ అంత మేర తెల్లటి పొడి కట్టింది. నేను వాడినది వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్. అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం రేకు మీది జింకు పూతను తినేస్తుంది. లోహపు రేకులకు ఆ వాసన లేని తటస్థ రకమే వాడాలి. పైగా ముద్ద అంచు ఒకచోట లేచి లోపలికి తడి చేరింది. చేరిన తడి ఆరే దారి లేక అక్కడే నిలిచింది. పైకి కనబడే తుప్పు కంటే నేను కప్పిపెట్టిన తుప్పే ఎక్కువ నష్టం చేసింది. ఇక పూతలతో సరిపెట్టకూడదని, ఎన్ని రోజులు పట్టినా స్క్రూలు మార్చాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

రేకుల పనిలో తలపండిన మేస్త్రీ ఒకరిని పిలిచి చూపించాను. ఆయన రేకు వైపు చూడనే లేదు. వంగి, స్క్రూ తల కింద ఉన్న రబ్బరును వేలితో నొక్కారు. అది బిస్కెట్టులా పొడైంది.

"నీళ్లను ఆపేది ఇనుము కాదండీ, ఈ రబ్బరు. ఇది పోయాక స్క్రూ ఎంత మెరిసినా లాభం లేదు" అన్నారు.

ఆ మాటతో నాకు విషయం బోధపడింది. ఆ రబ్బరును ఈపీడీఎం అంటారు. ఎండకు బాగా తట్టుకునే రకమే, కానీ ఏళ్ల తరబడి కాగితే దానిలోనూ సాగే గుణం పోతుంది, పగుళ్లు వస్తాయి. అక్కడి నుంచి తడి స్క్రూ ఒంటి మీదికి దిగుతుంది. సాధారణ స్క్రూల మీద జింకు పూత మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మంచి రేకు మీద ఒక్కోవైపు దాదాపు 20 మైక్రాన్లు ఉంటుంది. రేకు నిలిచి, స్క్రూ ముందుగా పోవడానికి కారణం అదే. దానికి తోడు రేకు రోజూ కదులుతుంది. ఉక్కు ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీ వేడికి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆరు మీటర్ల రేకు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగినట్లు. రోజుకొకసారి చొప్పున పదకొండేళ్లు ఆ కదలిక స్క్రూను అటూ ఇటూ లాగింది. కొన్నిచోట్ల గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది.

మధ్యాహ్నం ఇంటి తలుపులూ కిటికీలూ మూసి, దీపాలు ఆర్పి, కింద నుంచి కప్పును చూశాను. తొమ్మిది చోట్ల సూదిమొనంత వెలుతురు కనబడింది. వాటి స్థానాలు కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. మర్నాడు పైకెక్కి మొత్తం 312 స్క్రూలను ఒక్కొక్కటిగా చూశాను. తల మీద పైపైన ఎరుపు తిరిగి, రబ్బరు మెత్తగా ఉన్నవాటిని వదిలేశాను. రబ్బరు పగిలినవాటికి తెల్ల సుద్దతోనూ, రంధ్రం వదులైనవాటికి నీలం సుద్దతోనూ గుర్తు పెట్టాను. తెల్లవి 140, నీలం 31 తేలాయి. చూరు దగ్గరి వరుస మరీ అధ్వానంగా ఉంది. మిగతా కప్పంతా రేకు మిట్టల మీద స్క్రూలు వేసినవాళ్లు ఆ ఒక్క వరుసను పల్లాల్లో బిగించారు. పైనుంచి వచ్చే నీరంతా ఆ తలలను ఒరుసుకుంటూనే దిగుతుంది.

పనికి తెల్లవారుజాము మంచిదనుకున్నాను కానీ మంచుకు తడిసిన రేకు మీద కాలు నిలవదు. తడి ఆరాక, రేకు కాలక ముందు దొరికేది రెండు మూడు గంటలే. నడుముకు బెల్టు, దానికి తాడు, మెత్తటి అడుగున్న బూట్లు. స్క్రూల వరుస మీదే అడుగు వేయాలి, ఎందుకంటే కింద ఆసరాగా ఇనుప పట్టీ ఉండేది అక్కడే. వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకు మీద మాత్రం చచ్చినా కాలు పెట్టకూడదు. తమ్ముడు నాలుగు రోజులూ నిచ్చెన దగ్గరే ఉన్నాడు. "అన్నయ్యా, రేకు కాలుతోంది, ఇక దిగు" అని వాడు పిలిచిన ప్రతిసారీ చేతిలోని స్క్రూ బిగించి దిగిపోయాను. ఈ ఒక్క విషయంలో నేను మొండికెయ్యలేదు.

ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండోదాని జోలికి వెళ్లాలి. వరుసంతా ఒకేసారి విప్పితే రేకు జారి రంధ్రాలు తప్పుతాయి. ఇంతలో గాలి లేస్తే రేకే లేచిపోతుంది.

సగానికి పైగా స్క్రూలు తేలిగ్గానే వచ్చాయి. ఊడనివాటికి తుప్పు వదిలించే నూనె చుక్క వేసి, పావుగంట ఆగి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పాను. అలా చేస్తే తుప్పు పట్టు వదులుతుంది. నూనె వాడినచోట కొత్త స్క్రూ పెట్టే ముందు రేకును గుడ్డతో శుభ్రంగా తుడవాలి. పెట్రోలియం నూనె తగిలితే ఈపీడీఎం ఉబ్బి మెత్తబడుతుంది, కొత్త రబ్బరు అక్కడే చెడిపోతుంది.

తల అంచులు అరిగి సాకెట్ జారిపోయే స్క్రూలతోనే అసలు అవస్థ. మొదటి రోజు సహనం చాలక అలాంటి మూడింటి తలలను గ్రైండరుతో కోసేశాను. పని నిమిషంలో అయింది. మర్నాడు ఉదయం చూస్తే ఆ మూడింటి చుట్టూ రేకంతా ఆవాలు చల్లినట్లు ఎర్రటి చుక్కలు. గ్రైండరు నిప్పురవ్వలంటే కాలుతున్న ఇనుప రజను. అది రంగులోకి దిగబడి, రాత్రి మంచుకే తుప్పు పట్టింది. నైలాన్ కుంచెతో రుద్ది, కడిగి, గాట్లు పడినచోట రంగు వేసేసరికి ఆ పూట గడిచిపోయింది. ఆ తర్వాత గ్రైండరు పైకి తీసుకుపోలేదు. తలను గట్టిగా పట్టి బిగుసుకునే గ్రిప్ ప్లయరుతో మెల్లగా తిప్పితే అవే వచ్చాయి. డ్రిల్లుతో కొత్త స్క్రూ వేసినప్పుడు రాలే సన్నటి ఇనుప తురుము కూడా ఇలాగే తుప్పు మచ్చలు చేస్తుంది, కాబట్టి ప్రతి రోజూ దిగే ముందు కప్పంతా ఊడ్చాను.

పదకొండు స్క్రూలు మెడ దగ్గర విరిగాయి, ఎక్కువగా చూరు వరుసలోనివే. మొండెం పైకి తేలి ఉంటే ప్లయరుకు దొరికింది. రేకు మట్టానికి విరిగిన ఆరింటితో పోట్లాడలేదు. అదే పట్టీ మీద రెండు అంగుళాలు పక్కన, ఈసారి మిట్ట మీద, పొడవైన కొత్త స్క్రూ వేశాను. పాత రంధ్రం మీద బ్యూటైల్ టేపు (నీరు దూరనివ్వని జిగురు రబ్బరు పట్టీ) అంటించి, అదే రకం రేకు ముక్కను దాని మీద పరచి, చిన్న స్క్రూలతో బిగించాను. అతుకు కనబడుతుంది. కనబడినా నాకు బాధ లేదు, నీరు దిగదు.

నీలం సుద్ద పెట్టినవాటికి పాత కొలత స్క్రూ మళ్లీ వేస్తే పట్టు దొరకదు, ఊరికే తిరుగుతుంది. పాతవి 5.5 మిల్లీమీటర్లవి కనుక వాటి స్థానంలో 6.3 మిల్లీమీటర్లవి, వెడల్పు వాషరుతో వేశాను. లావు మర కొత్త ఇనుమును కొరికి గట్టిగా నిలిచింది. బాగా సాగిపోయిన రంధ్రాల చుట్టూ మాత్రం తటస్థ సిలికాన్ పలచగా పూసి, దాని మీద స్క్రూ దింపాను.

బిగింపు ఎంతన్నది చేతికి తెలియడానికి నాకు ఒక రోజంతా పట్టింది. స్క్రూ తల కింది వాషరు, అంటే లోహపు బిళ్ల, అంచు నుంచి రబ్బరు కొద్దిగా తొంగిచూస్తే చాలు. బిళ్ల సొట్టబోయి, రబ్బరు పెదవిలా బయటికి పొంగిందంటే ఎక్కువైనట్లు. అలాంటి రబ్బరు త్వరగా చీలుతుంది. చేతితో తిప్పితే బిళ్ల కదిలిందంటే తక్కువైనట్లు. బిగింపు బలాన్ని అదుపు చేసే డ్రిల్లు క్లచ్చును తక్కువలో పెట్టి, చివరి అర చుట్టు చేతి స్పానరుతో తిప్పడం నాకు బాగా కుదిరింది.

నాలుగో రోజు మధ్యాహ్నం తమ్ముడు గొట్టంతో నీళ్లు పట్టాడు, నేను లోపల దీపం పట్టుకుని నిలబడ్డాను. చూరు నుంచి మొదలుపెట్టి వరుస వరుసగా పైకి వెళ్లమన్నాను. పైనుంచి పోస్తే కప్పంతా ఒకేసారి తడిసి, ఎక్కడ కారుతోందో తెలియదు. మూడు వరుసలు దాటే వరకు పొడిగా ఉంది. ఇంటి కొప్పు దగ్గరికి వచ్చేసరికి ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. పైకెక్కి చూస్తే అది ఆ ఉదయం నేనే బిగించిన స్క్రూ. అలసటలో బిగింపు ఎక్కువై రబ్బరు ఒక పక్కకు పొంగి చీలింది. దాన్ని తీసి మరొకటి వేసి, అక్కడే ఇరవై నిమిషాలు నీళ్లు వదిలాం. చుక్క పడలేదు.

ఆ తర్వాత మూడు పెద్ద వానలు కురిశాయి. పడకగది గోడ మీది చారను నేనింకా తుడవలేదు. దాని కింది అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. ఈ వానాకాలం గడిచే వరకు చార ఆ గీత దాటకపోతే, అప్పుడు గోడకు సున్నం వేయిస్తాను.