సముద్రం లేని చోట ఉప్పు

వసంతంలో ఇక్కడ, చైనా దక్షిణ జియాంగ్షీలోని గన్‌జౌలో గోడలకు చెమట పడుతుంది. డబ్బాలో ఉప్పు నీరుగారి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన ప్యాకెట్టు ఒకటి ఫ్యాక్టరీ భోజనాల గదిలో చెత్తబుట్టలో వేస్తుంటే మా వర్క్‌షాప్ పెద్దాయన అందరి ముందూ ఆపాడు. ఇక్కడి యూదూ జిల్లా మనిషి. "ఈ నేల మీద ఉప్పు పారేయకు. మా నాయనమ్మ కాలంలో దీనికోసం మనుషులు చచ్చారు" అన్నాడు. ఉప్పు చేతికివ్వని ఇళ్లలో పుట్టినవాళ్లం, ఒలికిన ఉప్పు తొక్కనివాళ్లం, మనకా ఉప్పు విలువ చెప్పేది అని చురుక్కుమంటుంది. కానీ ఆయన చెప్పింది మర్యాద గురించి కాదు, చరిత్ర గురించి. ఆ చరిత్ర మన దగ్గర ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

1934లో చైనా కమ్యూనిస్టుల ఎర్ర సైన్యం చేసిన లాంగ్ మార్చ్ పేరు వినని తెలుగు పాఠకులు తక్కువ. తెలంగాణ పోరాటం నడుస్తుండగానే, 1948లో, ఆంధ్ర కమ్యూనిస్టులు మావో దారిని చూపించి పార్టీలో వాదించారు. ఆ తర్వాత స్థావర ప్రాంతాలు, విముక్తి ప్రాంతాలు అన్న మాటలు మన రాజకీయాల్లో నలిగిపోయాయి. ఇంత చర్చలోనూ అసలు ఒక స్థావర ప్రాంతం, అంటే కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న ప్రాంతం, రోజువారీగా ఎలా బతికింది, వంటింట్లో ఏముంది, ఏది లేదు అన్న ప్రశ్న పక్కకు పోయింది. యుద్ధాల పటాలు గీసినంత శ్రద్ధగా ఉప్పు దారుల పటం ఎవరూ గీయలేదు. నా దృష్టిలో లాంగ్ మార్చ్ బయల్దేరిన ఇక్కడి స్థావర ప్రాంతపు కథకు ఉప్పే వెన్నెముక.

జియాంగ్షీ దక్షిణ భాగం, దాన్ని ఆనుకుని ఉన్న ఫుజియన్ పశ్చిమ కొండలు కలిస్తే ఆ ప్రాంతం. 1929 జనవరిలో మావో, సేనాధిపతి జూ దే జింగ్‌గాంగ్‌షాన్ కొండలు దిగి ఇటు వచ్చారు. 1931 నవంబరు 7న రుయిజిన్ దగ్గర యెపింగ్ అనే ఊళ్లో చైనా సోవియట్ రిపబ్లిక్ అనే తమ సొంత ప్రభుత్వాన్ని ప్రకటించారు. మావో లెక్కలోనే అక్కడి జనం సుమారు 30 లక్షలు. వరి పండుతుంది. వెదురు, కాగితం, కర్పూరం, టంగ్‌స్టన్ ఉన్నాయి. సముద్రం లేదు, ఉప్పునీటి బావులు లేవు. తినే ప్రతి గింజ ఉప్పూ గ్వాంగ్‌డాంగ్ తీరం నుంచి రావాలి. పడవల మీద హాన్, తింగ్ నదుల వెంట షాంగ్‌హాంగ్ మీదుగా తింగ్‌జౌకి ఒక దారి. మెయ్‌షియన్ నుంచి కావళ్ల మీద కొండలెక్కి షున్‌ఊ వైపు ఇంకో దారి.

1930 మేలో షున్‌ఊ పట్టణంలో మావో దుకాణం దుకాణం తిరిగి లెక్కలు రాసుకున్నాడు. అందులో ఉప్పు కొట్లకు పెద్ద చోటే ఉంది. చావోజౌ ఉప్పు మంచిది, ఖరీదెక్కువ. హుయిజౌ ఉప్పు నాసి, చవక. కూరలు ఊరబెట్టుకుని ఏడాదంతా తినే ఇక్కడి హక్కా జనం ఇళ్లలో ఈ తేడా చిన్నది కాదు. ఉప్పు చాలకపోతే ఊరగాయ బూజు పడుతుంది, బూజు పడితే చలికాలం పళ్లెంలో ఒట్టి అన్నమే. ఆవకాయ పెట్టే ఇంటి ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ప్రాంతాన్ని ముట్టడించిన చియాంగ్ కై-షేక్ ప్రభుత్వ సైన్యాల దిగ్బంధం బిగిసేకొద్దీ ధరలు ఏమయ్యాయో 1933 ఆగస్టులో మావో ఒక ప్రసంగంలో చెప్పాడు. అంతకు ముందటి ఏడు వర్తకులు మెయ్‌షియన్‌లో యువాన్‌కు 7 జిన్‌ల (జిన్ అంటే అర కిలో) ఉప్పు కొని, ఎర్ర ప్రాంతంలో, అంటే కమ్యూనిస్టుల ప్రాంతంలో, యువాన్‌కు 12 లియాంగ్‌ల చొప్పున అమ్మారు. అప్పట్లో జిన్‌కు 16 లియాంగ్‌లు. అంటే 112 లియాంగ్‌ల సరుకు 12 అయింది, ధర తొమ్మిది రెట్లు దాటింది. వడ్ల సంగతి దీనికి తలకిందులు. వాన్‌ఆన్, తాయ్‌హె వైపు రైతు దాన్ వడ్లు, అంటే ఇంచుమించు 50 కిలోలు, అర యువాన్‌కు వదులుకుంటే వర్తకుడు గన్‌జౌలో 4 యువాన్లకు అమ్ముకున్నాడు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. యాభై కిలోల వడ్లు మోసుకెళ్లి అమ్మిన రైతుకు చేతికొచ్చే ఉప్పు ఆరు లియాంగ్‌లు, రెండు వందల గ్రాములకు తక్కువ. ఎండలో వరి నాటేవాడికి రోజుకు పది గ్రాములు వేసుకున్నా ఒక్క మనిషికి ఇరవై రోజులు రాదు. ఇంట్లో అయిదుగురుంటే నాలుగు రోజులు.

ఉప్పు తగ్గితే ముందు చచ్చేది రుచి. దాంతో ఆగదు. ఇక్కడి వేసవి మన కోస్తా ఉక్కపోతకు ఏమాత్రం తీసిపోదు. అన్నం, ఆకుకూర తప్ప మరేమీ లేని తిండిలో సోడియం దాదాపు ఉండదు, చెమటలో పోయింది తిరిగి రాదు. కాళ్ల పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, కావడి ఎత్తలేరు. గాయాలు కడగడానికీ ఉప్పునీళ్లే కావాలి. దిగ్బంధం వేసినవాళ్లకు ఇదంతా తెలుసు. 1933లో మొదలైన అయిదో ముట్టడిలో చియాంగ్ కై-షేక్ సైన్యం వేల సంఖ్యలో రాతి బురుజులు కట్టుకుంటూ అంగుళం అంగుళం ముందుకు జరిగింది. బురుజుల వెనక ఊళ్లలో ఉప్పు అమ్మకం తలకింత అని కొలతపెట్టారు, ఎవరింట్లోనూ మిగులు లేకుండా. మిగులు లేకపోతే అవతలికి దాటేదీ ఉండదు. చుట్టాలకు చిటికెడు ఉప్పు పంపడం కూడా నేరం చేసిన ఈ పద్ధతిని యుద్ధనీతి అనడానికి నాకు నోరు రాదు. ఆకలితో మాడ్చింది సైనికులనే కాదు, బాలింతలను కూడా.

ఇక జనం చేసినది. పాత ఇళ్ల గోడల మొదట్లో, పశువుల కొట్టాల్లో, మరుగుదొడ్ల పక్కన మట్టి మీద తెల్లగా నూగులా తేలుతుంది. మూత్రం ఏళ్ల తరబడి ఇంకిన నేల అది. ఆ మట్టిలో పెట్లుప్పూ (మందుగుండులో వాడే పొటాషియం నైట్రేటు) ఉంటుంది, మామూలు ఉప్పూ ఉంటుంది. పైపొర గీకి, నలగ్గొట్టి, కట్టెల బూడిద కలపాలి. అడుగున కన్నం ఉన్న చెక్క తొట్టిలో గడ్డి పరిచి మట్టి నింపి పైనుంచి నీళ్లు పోస్తే కింద గోధుమరంగు నీరు చుక్క చుక్కగా దిగుతుంది. దాన్ని ఇనప మూకుడులో కాచాలి. పనితనమంతా ఇక్కడే. పెట్లుప్పు చల్లటి నీళ్లలో కొంచెమే కరుగుతుంది, మరిగే నీళ్లలో విపరీతంగా కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటికి 32 గ్రాములు, 100 డిగ్రీల దగ్గర 240 గ్రాములు దాటి. తిండి ఉప్పుకు వేడితో పెద్ద పట్టింపు లేదు, 36 నుంచి 39 గ్రాములు, అంతే. అందుకని నీరు ఇగిరేకొద్దీ మరుగుతుండగానే ఉప్పు ముందు అడుక్కి దిగుతుంది. వేడి మీదే దాన్ని గరిటెతో తోడుకోవాలి. మిగిలిన నీటిని రాత్రంతా చల్లారనిస్తే పెట్లుప్పు సూదుల్లా గిన్నె అంచులకు పడుతుంది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, తోడడం ఆలస్యమై మూకుడు చల్లబడితే రెండూ కలిసిపోతాయి. ఆ ఉప్పు చేదు, నైట్రేటు కలిసినది. ఎక్కువ తింటే కడుపు చెడుతుంది, పసివాళ్లకు ప్రమాదం. బూడిద తక్కువైతే కాల్షియం నైట్రేటు మిగిలిపోయి గాలిలో తేమంతా పీల్చుకుంటుంది. ఉప్పు ఆరదు, పెట్లుప్పు మందుగుండుకు పనికిరాదు. అన్నీ సరిగ్గా కుదిరినా తట్టల కొద్దీ మట్టికి చేతిలో పట్టేంత ఉప్పు, దానికి మోపుల కొద్దీ కట్టెలు. పైగా ఒకసారి గీకిన గోడ మొదలు మళ్లీ ఊరడానికి ఏళ్లు పడుతుంది, లోతుగా తవ్వితే గోడే కూలుతుంది. ఒకే మూకుడులోంచి ఇంటికి ఉప్పు, తుపాకికి మందు. షింగువో జిల్లా గ్వాన్‌తియన్‌లో 1931లో పెట్టిన ఆయుధాల కార్ఖానా వాడిన తూటాలను మళ్లీ నింపేది. పెట్లుప్పుకు అక్కడా గిరాకీయే.

ఈ విద్య మనకు కొత్త కాదు. చవుడు మట్టి నుంచి ఉప్పు తీయడం ఉప్పరవాళ్ల కులవృత్తి. సముద్రానికి దూరమైన సీమ జిల్లాల్లో ఆ ఉప్పే వాడేవారు. తెల్లవాడు పన్ను కోసం దాన్ని అణిచేశాడు. అందుకే పెద్దాయన మాట మింగుడుపడలేదు. 1930లో మచిలీపట్నంలో, దేవరంపాడు శిబిరంలో మనవాళ్లు పిడికెడు ఉప్పు కోసం లాఠీలు తిన్నారు. ఇక్కడ మొదటి ముట్టడి మొదలైందీ ఆ ఏడాది చివరే. కానీ నిజాయితీగా చూస్తే రెండూ ఒకటి కాదని ఒప్పుకోవాలి. మన దగ్గర సముద్రం ఎదురుగా ఉంది, చినగంజాం మళ్లలో ఉప్పు కుప్పలు తెల్లగా కనపడుతూనే ఉన్నాయి, అడ్డం వచ్చింది చట్టం. కొనుక్కుంటే దొరికేది, పన్ను కట్టి. ఇక్కడ డబ్బున్నా దొరకని రోజులొచ్చాయి. చినగంజాం గాలి పీల్చినవాడికి ఆ లోటు ఊహకు అందడం కష్టమే. అయినా ఉప్పు మీద చెయ్యి వేసిన ప్రభుత్వం జనం గొంతు మీద చెయ్యి వేసినట్టేనని ఇద్దరికీ ఒకే పదేళ్లలో తెలిసొచ్చింది. మన ఉప్పు పోరాటం సంగతి ఇక్కడివాళ్లకు తెలియదు. చెప్పాల్సింది మనమే.

దాటించే ఉపాయాలు చాలా ఉండేవి. వెదురు కావడి బద్ద లోపలి గణుపులు తొలిచి నింపడం, పేడ తట్టలకు రెండో అడుగు పెట్టడం, దూది కోటును ఉప్పునీళ్లలో ముంచి తొడుక్కుని వచ్చి ఇంటికెళ్లి ఉడికించడం. చిక్కటి ఉప్పునీరు లీటరుకు 300 గ్రాముల పైన ఉప్పు మోస్తుంది కాబట్టి దూది కోటు పట్టేది తక్కువేం కాదు. దారిలో ఆరిపోతే మాత్రం గుడ్డ బిరుసెక్కి తెల్ల చారలు కట్టి మనిషిని పట్టిస్తుంది. పట్టుబడితే ప్రాణం పోవచ్చు.

చిటికెల దొంగరవాణాతో 30 లక్షల మంది బతకరు. మావో లెక్క ప్రకారం ఏటా కావలసిన ఉప్పు ఖరీదు 90 లక్షల యువాన్లు, గుడ్డ 60 లక్షలు. ఇంత సొమ్ముకు అమ్ముకోవడానికి ఉన్నవి వడ్లు, టంగ్‌స్టన్. యూదూ జిల్లా తియెషాన్‌లోంగ్ గనుల ఖనిజాన్ని మావో తమ్ముడు, జాతీయ బ్యాంకు అధిపతి మావో జెమిన్ చూసిన ప్రభుత్వ కంపెనీ అమ్మేది. కొన్నది ఎవరు? చుట్టూ కాపలా ఉన్న గ్వాంగ్‌డాంగ్ సేనాధిపతి చెన్ జితాంగ్ వైపు వర్తకులే. గట్టి ఉక్కుకు టంగ్‌స్టన్ కావాలి, ప్రపంచమంతా కొంటుంది, లాభం చేదు కాదు. మనలా టంగ్‌స్టన్ కార్బైడ్ పనిముట్లు తయారయ్యే చోట పనిచేసేవాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా తగులుతుంది. ఇవాళ మనం తూకం వేసే ఈ బరువైన నల్ల ఖనిజం ఒకప్పుడు ఉప్పు బస్తాలకు మారకం.

1933లో 30 లక్షల యువాన్ల ఆర్థిక నిర్మాణ బాండ్లు తీశారు. 10 లక్షలు సైన్యానికి, మిగతా 20 లక్షలు సహకార సంఘాలకు, ధాన్యం సర్దుబాటు కార్యాలయానికి, విదేశీ వర్తక కార్యాలయానికి పెట్టుబడి. ఆలోచన మంచిదే: రైతు దగ్గర వడ్లు మంచి ధరకు కొని, అవతల అమ్మి, ఉప్పు తెచ్చి, మధ్య దళారి తినే తొమ్మిది రెట్లు తగ్గించడం. చెడింది రెండు చోట్ల. ఉప్పు తేగలిగింది చిన్న వర్తకులే. పార్టీ అతివాద విధానాల కింద వాళ్ల మీద పన్నులు, జప్తులు పెరిగి దుకాణాలు మూతపడ్డాయి. అదే ఏడు ఎవరు భూస్వామో తేల్చడానికి సాగిన భూముల పరిశీలనలో మామూలు రైతులకు కూడా భూస్వామి ముద్ర పడింది. 1930-31లో సొంత మనుషులనే శత్రువులుగా అనుమానించి వేలమందిని చంపిన ప్రక్షాళన గాయం అప్పటికే ఉంది. దిగ్బంధం బయటివాళ్ల పాపమే. లోపల తలుపులు మూసుకున్న పాపం బయటివాళ్లది కాదు. ఈ రెండో భాగం చెప్పకుండా మొదటిది చెబితే చచ్చినవాళ్లకు అన్యాయం.

అయినా జనం ఇచ్చింది తక్కువ కాదు. షింగువో జిల్లా చాంగ్‌గాంగ్‌లో వందకు 80 మంది పడుచువాళ్లు సైన్యంలోకి వెళ్లారని మావో 1934 జనవరిలో చెప్పాడు. ఆ ప్రసంగంలోనే బియ్యం, ఉప్పు, వంటచెరకు గురించి పట్టించుకోకపోతే జనం మనవెంట ఎందుకుంటారని కార్యకర్తలను నిలదీశాడు. మగవాళ్లు పోయిన ఆ ఊళ్లలో మట్టి గీకింది, మూకుడు దగ్గర కూర్చుంది ఆడవాళ్లు.

1934 ఏప్రిల్‌లో గ్వాంగ్‌చాంగ్ పట్టణం చియాంగ్ సైన్యం చేతికి పోయింది. అక్టోబరులో చెన్ జితాంగ్ మనుషులతో షున్‌ఊలో రహస్యంగా మాటలు కుదిరాయి, ఉప్పూ టంగ్‌స్టనూ నడిపిన పాత పరిచయం సైన్యానికి దారి ఇవ్వడానికీ అక్కరకొచ్చింది. ఆ నెల మధ్యలో యూదూ నది మీద ఇంటి తలుపులు ఊడదీసి పరిచిన వంతెనల మీదుగా ఎర్ర సైన్యం వాళ్లు 86 వేల మంది రాత్రుళ్లు దాటిపోయారు. లాంగ్ మార్చ్ కథలన్నీ వాళ్లతో పాటే పడమటికి నడుస్తాయి. ఊళ్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. పార్టీ నాయకులు షియాంగ్ యింగ్, చెన్ యీ కొద్ది బలగంతో మిగిలి యూషాన్ కొండల్లో మూడేళ్లు తలదాచుకున్నారు. కట్టెలకు కొండెక్కే ఆడవాళ్ల దగ్గర అన్నం మూటలు, ఉప్పు ఉన్నాయేమోనని ప్రభుత్వ సైనికులు సోదా చేసేవారు. 1937 చివర చియాంగ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి గెరిల్లాలు కిందికి దిగి కొత్త నాలుగో సైన్యంలో చేరేదాకా వెదురు బద్దల్లో ఉప్పు కొండకు ఎక్కుతూనే ఉంది.