సబ్బు సిస్టర్

మా ఆసుపత్రిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ‘సబ్బు సిస్టర్ వస్తోంది’ అనే కబురు నాకన్నా ముందే వార్డుకు చేరిపోతుంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు అంటే ఏం చేస్తారని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. ‘చేతులు కడుక్కోమని చెబుతాను’ అంటే, దానికి జీతం కూడా ఇస్తారా అన్నట్టు చూస్తారు.

దీనికి బీజం పడింది మా కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో, బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరంలో. సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీలాంటి అగార్ ప్లేటును మార్కర్‌తో మూడు భాగాలు చేసి, కడగని వేలు, ఉత్త నీళ్లతో కడిగిన వేలు, సబ్బుతో కడిగిన వేలు అద్దమన్నారు మేడమ్. ప్లేట్లను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి మర్నాడు తీశాం. అందరికీ సబ్బు భాగం దాదాపు ఖాళీగా ఉంటే, నాది మాత్రం ముత్యాలు చల్లినట్టు బ్యాక్టీరియా చుక్కలతో నిండిపోయింది. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు, తిట్టలేదు. ‘చేతులు దేనికి తుడుచుకున్నావమ్మా?’ అన్నారు. ఏప్రాన్‌కి. ఆ ఏప్రాన్ ఉతికి వారమైంది.

డిగ్రీ తర్వాత నాలుగేళ్లు ఐసీయూలో నైట్ డ్యూటీలు చేశాక ఈ పోస్టుకి మారాను. రోజూ చూసేవి అవే: వెంటిలేటర్ మీదున్న పేషెంటు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా, యూరిన్ కాథెటర్ ఇంకా అవసరమా, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెడుతున్నారా. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఐదు. మా వార్డుల్లో ఎక్కువగా మరిచిపోయేది ఐదోది: పేషెంటును తాకకపోయినా, మంచం కడ్డీనో మానిటర్ బటన్‌నో ముట్టుకున్న తర్వాత. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ఉన్న హ్యాండ్‌రబ్‌తో 20 నుంచి 30. గడియారం పట్టుకుని పక్కన నిలబడితే పెద్ద డాక్టర్లకు కూడా టెన్షనే.

ఇప్పుడున్న ఆసుపత్రికి ముందు ఇదే పోస్టులో పనిచేసిన ఒకచోట జరిగింది చెప్తాను. ఐసీయూలో కొద్ది రోజుల తేడాతో ముగ్గురు పేషెంట్ల శాంపిళ్లలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. వెంటిలేటర్ ట్యూబులు, సక్షన్ జార్లు, సింకులు అన్నీ వెతికాం. చివరికి అది దొరికింది చేతులు కడిగే లిక్విడ్ సబ్బు సీసాలో! నా పేరుకి ఇంతకంటే అవమానం ఉంటుందా. సీసాలు నింపే ఆయాని కూర్చోబెట్టి, ‘ఎలా నింపుతావమ్మా?’ అని అడిగాను. ‘అడుగున కాస్త ఉండగానే పైన పోస్తానమ్మా. నెలాఖరుకు చాలకపోతే నీళ్లు కలుపుతా’ అంది దాపరికం లేకుండా. కమిటీ మీటింగ్‌లో ఆమెను తీసేయమన్నారు. నేను సామాను కావాలని రాసి పంపే ఇండెంట్ పుస్తకం తెరిచి చూపించాను. మంచాలు పెరిగాయి, సబ్బు కోటా మాత్రం పెరగలేదు. ఆ తర్వాత సీసా పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాకే నింపడం మొదలుపెట్టాం.

కాలేజీలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ పాఠం చదివాం. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించాడు. అయినా చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి విసిగిపోయి తోటి డాక్టర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. ఆయన కోపంలో తప్పులేదు గానీ, తిట్టించుకున్నవాడు నిజం దాస్తాడు. మా ఆయాని నేను కేకలేసి ఉంటే నీళ్లు కలిపిన సంగతి బయటపడేదా?

రిటైరైన మేడమ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూసిన కల్చర్ రిపోర్టు గురించి అడుగుతారనుకున్నాను. ‘ఆ ఆయా ఉద్యోగం ఉందా?’ అన్నారు.

ఉంది మేడమ్. నేను ఆ ఆసుపత్రి వదిలేనాటికి సీసాల రిజిస్టర్ ఆమె చేతుల్లోనే ఉండేది. ఆరని సీసా కనిపిస్తే నన్ను కూడా నిలబెట్టి అడిగేది.