రింగు కొస ఎటు తిరిగింది?

“సార్, మీరు చెప్పినట్టు కొక్కెం లోపలికి వంచితే రింగు ఎక్కించడం మా వల్ల కాదు. ఇరవై ఏళ్లుగా ఇట్టాగే కడుతున్నాం, ఏది కూలిందో చెప్పండి” అన్నాడు రాడ్ బెండింగ్ మేస్త్రి.

ఇంజనీరుగా విజయవాడలో నా మొదటి సైటు అది. పిల్లర్‌లోని నిలువు చువ్వల్ని చుట్టి కట్టే సన్న చువ్వే రింగు, దాని కొసన వంచే వంపే కొక్కెం. మేస్త్రి వయసు నాకు రెట్టింపు. సమాధానం తెలుసు, కానీ అహ్మదాబాద్ దాకా వెళ్లి చూపించాల్సిన సమాధానం.

2001 జనవరి 26 ఉదయం భుజ్‌లో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు పడిపోయాయి. కాలేజీలో ఆ ఫొటోలు చూశాం. కొన్నింటిలో పై అంతస్తులు కాస్త పగుళ్లతో నిలిచే ఉన్నాయి, కార్లు పెట్టుకునే కింది అంతస్తే నుజ్జయింది. పైన గదిగదికీ ఇటుక గోడలుంటాయి, అవి పిల్లర్లూ బీములూ కలిసిన ఫ్రేమును ఊగనివ్వవు. కింద గోడల్లేవు. బిల్డింగు ఊగాల్సిందంతా ఆ ఒక్క అంతస్తులోని పిల్లర్లే ఊగాలి.

అప్పుడు పిల్లర్‌ని కాపాడేది రింగు. నిండుగా ధాన్యం పోసిన బస్తాని ఊహించుకోండి. పైనుంచి తొక్కితే పక్కలకు ఉబ్బుతుంది, కుట్టు ఊడిందా, గింజలన్నీ నేల పాలే. ఆ కుట్టే రింగు. మామూలుగా వంచే 90 డిగ్రీల కొక్కెం కొస పిల్లర్ పైపొర కాంక్రీట్‌లో, అంటే కవర్‌లో, ఉంటుంది. గట్టిగా ఊగినప్పుడు మొదట రాలిపోయేది ఆ కవరే. అది రాలగానే కొసకు పట్టు పోతుంది, రింగు విచ్చుకుంటుంది, నిలువు చువ్వలు బయటికి వంగిపోతాయి. 135 డిగ్రీలు వంచితే కొస పిల్లర్ నడిమి కాంక్రీట్‌లోకి దిగి ఉంటుంది, కవర్ పోయినా ఊడదు. భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీట్ బిల్డింగులు ఎలా కట్టాలో చెప్పే మన దేశపు కోడ్, ఐఎస్ 13920, 1993 నుంచీ చెబుతున్నది ఇదే. 2016 సవరణ ప్రకారం 8 ఎంఎం రింగుకి వంపు దాటాక కొస కనీసం 65 ఎంఎం ఉండాలి. పిల్లర్ అడుగున, పైన బీమ్ దగ్గర రింగుల మధ్య దూరం 100 ఎంఎం మించకూడదు. మనవాళ్లు సరిగ్గా ఆ బీమ్ జాయింట్ దగ్గరే, చెయ్యి దూరదని, రింగులు మానేస్తారు!

బీమ్ కంటే పిల్లర్ గట్టిగా ఉండాలన్న నియమం కూడా అందులోనే ఉంది. బీమ్ పాడైతే ఆ అంతస్తులో కొంత భాగం కుంగుతుంది. పిల్లర్ పోతే పైన ఉన్నదంతా కిందికే.

ఇదంతా మేస్త్రికి చెప్పలేదు. ఓ పిల్లర్‌కి రింగులన్నీ ముందే పైనుంచి తొడిగించి, తర్వాత ఒక్కొక్కటే కిందికి జరుపుతూ కట్టించాను. పూట ఆలస్యమైంది. కాంట్రాక్టర్ విసుక్కున్నాడు. మేస్త్రి మాత్రం “ఇట్టా అయితే పడుద్దిలే” అని మిగతావి తనే కట్టించాడు.

తర్వాత నేనే ఫ్లాటు కొనుక్కున్నాను, అదీ కింద మొత్తం పార్కింగే ఉన్న బిల్డింగులో. కాంక్రీటు పోయకముందు తీసిన పిల్లర్ ఫొటోలుంటే చూపించమని బిల్డర్‌ని అడిగాను. ఆయన ఫోన్ తీసి లిఫ్ట్ లాబీలో వేయబోయే గ్రానైట్ ఫొటోలు చూపించాడు.