రెండో తరగతిలో పయనీర్లు

జనవరి వచ్చిందంటే అమెరికాలోని కాన్సస్ ప్రైమరీ స్కూళ్ళలో పయనీర్ల (పడమటికి వచ్చి స్థిరపడ్డ తొలితరం వలసవాళ్ళ) హడావుడి మొదలవుతుంది. 1861 జనవరి 29న కాన్సస్ రాష్ట్రంగా ఏర్పడింది కాబట్టి ఆ రోజు ‘కాన్సస్ డే’. ఆడపిల్లలు బానెట్లు (గడ్డం కింద ముడివేసే పాతకాలం టోపీలు) కట్టుకుని, మగపిల్లలు సస్పెండర్లు తగిలించుకుని వస్తారు. కొందరు లంచ్ బాక్సుకి బదులు చిన్న రేకు బకెట్టు పట్టుకొస్తారు. సికింద్రాబాద్‌లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, జె-1 వీసా మీద ఇక్కడ రెండో తరగతి టీచరుగా చేరిన నాకు ఈ ఊరి పిల్లలకి వాళ్ళ ముత్తాతల కథ చెప్పే పని పడింది. జె-1 అంటే మూడేళ్ళు, స్కూలు వాళ్ళు కావాలనుకుంటే ఇంకో రెండేళ్ళు. ఆ తర్వాత పెట్టె సర్దుకోవాల్సిందే. అలాంటి మనిషి, తాతల నాటి పొలాలున్న ఇళ్ళ పిల్లలకి ‘ఇక్కడ స్థిరపడటం’ అనే పాఠం చెప్పడం ఏమిటో అని మొదట్లో నాకే నవ్వొచ్చేది.

చేతిలో ఉన్న పుస్తకం లారా ఇంగల్స్ వైల్డర్ తన చిన్నతనం మీద రాసిన ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’. 1935లో వచ్చింది. అందులోని ఇల్లు ఎక్కడో కాదు, మా కౌంటీకి దగ్గర్లోనే, ఇండిపెండెన్స్ అనే ఊరికి అవతల ఉండేది. ఇప్పుడక్కడ దుంగలతో కట్టిన నమూనా ఇల్లు ఉంది.

ఏడేళ్ళ పిల్లలకి ‘పశ్చిమానికి వలస’, ‘హోమ్‌స్టెడ్ చట్టం’ (వచ్చి సాగుచేసుకునే వాళ్ళకి ప్రభుత్వ భూమి ఇచ్చిన చట్టం) అని మొదలుపెడితే రెండు నిమిషాల్లో షూ లేసులతో ఆడుకోవడం మొదలెడతారు. అందుకే తలుపుతో మొదలుపెడతాను. పుస్తకంలో లారా నాన్న మేకు అన్నదే వాడకుండా తలుపు చేస్తాడు. చెక్కలో రంధ్రాలు చేసి కొయ్య చీలలు కొడతాడు, బందులకి బదులు తోలు పట్టీలు పెడతాడు. అసలు తమాషా గడియలో ఉంది. గడియ లోపలివైపు ఉంటుంది. దానికి కట్టిన తాడు తలుపులోని రంధ్రం గుండా బయటికి వేలాడుతుంది. బయటివాళ్ళు తాడు లాగితే లోపల గడియ లేచి తలుపు తెరుచుకుంటుంది. రాత్రి తాడుని లోపలికి లాగేసుకుంటే ఇక ఎవరూ తీయలేరు. తాళం లేదు, చెవి లేదు.

అట్టపెట్టె, ఐస్‌క్రీమ్ పుల్ల, షూ లేసు ఇచ్చి పిల్లలతో దీన్ని చేయిస్తాను. లేసు కట్టే రంధ్రం గడియకి పైన ఉండాలి, కింద పెడితే ఎంత లాగినా గడియ లేవదు. ఆ సంగతి నేను చెప్పను. సగం మంది కింద పెట్టి, లాగి లాగి, లేసు ఊడదీసి, పక్కవాడిది చూసి మళ్ళీ మొదలుపెడతారు. నాన్న ఎంత పనిమంతుడో వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది. వర్క్‌షీట్ మీద ‘పయనీర్లు కష్టజీవులు’ అని ఖాళీ పూరించినంత మాత్రాన అది తెలియదు.

ఆ తర్వాత తీసివేతల లెక్క. లారా పుట్టింది 1867లో. ఆ కుటుంబం కాన్సస్ వదిలింది 1871లో. బోర్డు మీద లెక్క వేస్తే నాలుగు వచ్చింది. పుస్తకంలో లారా అంతకంటే పెద్ద పిల్లలా ఉంటుంది. చెల్లెలు క్యారీ బండిలో వాళ్ళతో పాటు వచ్చినట్టు ఉంటుంది కానీ, నిజానికి ఆ పిల్ల పుట్టిందే ఇక్కడ, 1870 ఆగస్టులో. వెనక వరసలో కూర్చునే ఒక బాబు వెంటనే అడిగాడు: “మిస్, మరి నాలుగేళ్ళప్పటివి ఆమెకెలా గుర్తున్నాయి? నాకైతే మా పాత ఇల్లే గుర్తులేదు.” చారిత్రక కల్పన అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని వాడు చేసి పెట్టాడు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినవి, అడిగి తెలుసుకున్నవి, ఊహించినవి కలిపి అరవై దాటాక రాసిందని చెప్పాను. “అంటే అబద్ధమా?” అని ఇంకో పాప. దాని మీదే గంట కొట్టేదాకా వాదించుకున్నారు. ఆ రోజు సైన్స్ పీరియడ్ ఎగిరిపోయింది.

నాకు బాగా ఇష్టమైంది జ్వరాల అధ్యాయం. వేసవి చివర్లో ఇంటిల్లిపాదీ చలిజ్వరంతో పడిపోతారు, మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా ఉండదు. అటుగా వచ్చిన ఒక నల్లజాతి డాక్టరు చేదు పొడి మందు ఇచ్చి బతికిస్తాడు. ఆయన కల్పన కాదు, డాక్టర్ జార్జ్ టాన్ అని నిజంగానే ఆ చుట్టుపక్కల ఉన్న మనిషి. పక్కింటావిడ మాత్రం ఇదంతా పుచ్చకాయలు తినడం వల్లే అంటుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అది మలేరియా. దోమల వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇక్కడ పుస్తకం మూసి మ్యాప్ మీద సికింద్రాబాద్ చూపిస్తాను. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మా ఊళ్ళోనే, బేగంపేట వైపు ఆ బిల్డింగ్ ఇంకా ఉందని చెప్తాను. లారా వాళ్ళ జ్వరానికి పాతికేళ్ళు దాటాక, ప్రపంచానికి అటు చివర దాని కారణం దొరికింది. అప్పటిదాకా నా యాసకి ముసిముసిగా నవ్వే పిల్లలు కూడా ఆ రోజు నన్ను కాస్త గౌరవంగా చూశారు. ఆ బిల్డింగ్ దగ్గరి బస్టాపులో నిలబడి ఎన్నోసార్లు బస్సు కోసం తిట్టుకున్నానని మాత్రం చెప్పలేదు.

అసలు చిక్కు ఓసేజ్ అనే ఆదివాసీ తెగ వాళ్ళ దగ్గర వస్తుంది. లారా వాళ్ళ నాన్న ఇల్లు కట్టిన నేల అప్పటికి ఓసేజ్ వాళ్ళ రిజర్వు, అంటే వాళ్ళకే కేటాయించిన నేల. హోమ్‌స్టెడ్ చట్టం కింద నూట అరవై ఎకరాలు ఇచ్చే భూమి కాదది. అంటే ఆ కుటుంబం అడగకుండా వచ్చి కూర్చుంది. 1870లో చేసిన చట్టంతో ఓసేజ్ వాళ్ళే కాన్సస్ వదలాల్సి వచ్చింది. ఇప్పటి ఓక్లహామాలో చెరోకీ తెగ వాళ్ళ దగ్గర సొంత డబ్బుతో భూమి కొనుక్కున్నారు. పుస్తకంలో మాత్రం వాళ్ళు ఎక్కువగా భయపెట్టడానికే గుమ్మంలోకి వస్తారు. 2018లో అమెరికా లైబ్రేరియన్ల సంఘంలోని పిల్లల విభాగం తమ అవార్డుకి లారా పేరు తీసేసింది కూడా ఇలాంటి చిత్రణ వల్లే. అలాగని పుస్తకాన్ని అటకెక్కించమంటే నేను ఒప్పుకోను. ఏమీ ఎరగనట్టు చదివేసి, బానెట్ కట్టి ఫోటో దిగితే చాలనే వాళ్ళతోనూ నాకు పడదు.

నిరుడు కాన్సస్ డే ముందు డ్రెస్సుల చీటీ పంచుతుంటే ఒక పాప, వాళ్ళ అమ్మమ్మ ఓసేజ్, “మిస్, నేనేం వేసుకురావాలి?” అంది. గొడవ పెట్టుకునే గొంతు కాదు, మామూలుగానే అడిగింది. డ్రెస్సులు మానేశాం. బదులుగా పనులు పెట్టాం: మూత బిగించిన సీసాలో క్రీమ్ ఊపి వెన్న తీయడం (పాల అలర్జీ ఉన్నవాళ్ళకి తలుపు గడియ), గోధుమలు కాఫీ మిల్లులో విసరడం. లూయీస్ ఎర్డ్రిక్ రాసిన ‘ది బర్చ్‌బార్క్ హౌస్’ నుంచి కొన్ని పేజీలు చదివాను. అది 1847 నాటి ఓజిబ్వే అనే మరో ఆదివాసీ తెగ పిల్ల కథ. ఆ పిల్లకీ ఇంటి చాకిరీ ఉంది, విసిగించి ప్రాణం తీసే తమ్ముడున్నాడు. మా వాళ్ళకి లారా కన్నా ఆ తమ్ముడే ఎక్కువ నచ్చాడు. ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ మాత్రం కుట్టించిన బానెట్ వృథా అయిందని మెయిల్ పెట్టారు. కుట్టుకూలి ఎంతో తెలిసినదాన్ని కాబట్టి వాళ్ళని తప్పుపట్టను.

ఈసారి ఫీల్డ్ ట్రిప్ ఫారంలో రెండు చోట్లు రాశాను. ఒకటి ఆ నమూనా ఇల్లు. రెండోది ఓక్లహామాలోని పాహస్కా, ఓసేజ్ నేషన్ రాజధాని. 1938 నుంచి వాళ్ళే నడుపుకుంటున్న మ్యూజియం అక్కడ ఉంది. ఓసేజ్ వాళ్ళు ఇప్పటికీ ఉన్నారా అని అడిగే పిల్లలే మా క్లాసులో ఎక్కువ మరి. మొదటి దానికి ఆఫీసులో సంతకం అయింది. రెండోది రాష్ట్రం దాటాలి, బస్సు ఖర్చు ఎక్కువని తిప్పి పంపారు. బస్సు కంపెనీకి ఫోన్ చేసి రేటు కనుక్కుని, ఆ కాగితం జతచేసి మళ్ళీ పెట్టాను.