సందు వదలని చెయ్యి

పన్నెండు సీసాలు పూర్తయ్యాయి. పదమూడో దానికి చెయ్యి వేస్తుంటే మా సూపర్‌వైజర్ వచ్చి మొదటి టేబుల్ దగ్గర నిలబడింది. ఏమీ అనకుండా మొదటి సీసాలోని పూలన్నీ పైకి లాగి బల్ల మీద పరిచింది. ఆ తర్వాత రెండోది. మూడోది విప్పుతూ అప్పుడంది, "స్కూల్లో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయివి. ఎవరో పొలంలోంచి నడిచొస్తూ చేతికందినవి తెంపి, ఇందులో పెట్టి మర్చిపోయినట్టుండాలి."

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. అరిచేవాళ్ల దగ్గర పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి అరుపు నాకు లెక్క కాదు. నవ్వుతూ విప్పేసేవాళ్ల ముందే ఏం చెయ్యాలో తెలీదు. ఆవిడ మా అమ్మకన్నా రెండేళ్లు పెద్దది. అయినా పేరు పెట్టే పిలవాలి. ఇప్పటికీ ఆ పేరు పలికే ముందు నా నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ రోజు పేరు లేకుండానే "సారీ" అనేశాను.

నేను పని చేసేది ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్‌షైర్‌లో, పాత ధాన్యపు కొట్టాన్ని బాగు చేసి పెళ్లిళ్లకి ఇచ్చే ఒక చోట. మే నుంచి సెప్టెంబర్ దాకా శనివారం ఖాళీ ఉండదు. కుర్చీలు మోస్తాం, గ్లాసులు తుడుస్తాం, రాత్రి అందరూ వెళ్లాక నేల ఊడుస్తాం. పూల పని నాకు అనుకోకుండా వచ్చింది. ఆ పని చూసే అమ్మాయి మానేస్తే "నీకు పూలతో అలవాటుందా?" అని అడిగారు. ఉందన్నాను. తెలంగాణలో పుట్టినవాడు లేదని ఎలా అంటాడు?

ఇప్పుడు ఆలోచిస్తే ఆ జవాబులో సగమే నిజం. మా ఇంట్లో బతుకమ్మకి పూలు కోసుకొచ్చే పని నాది, పేర్చే పని అమ్మది. చీకటితోనే సంచీ పట్టుకుని తంగేడు కోసం గుట్ట దాకా, గునుగు కోసం చేలగట్ల వెంట తిరిగేవాణ్ణి. తెచ్చి అమ్మ ముందు కుమ్మరిస్తే నా బాధ్యత అయిపోయేది. అయినా చూసీ చూసీ చేతికి ఒకటి పట్టుబడింది. కాడలన్నీ ఒక్క కొలతకి కొయ్యాలి, తలలన్నీ ఒక్క వరసలో ఉండాలి, పక్క పువ్వుకీ దీనికీ మధ్య వేలు దూరే సందు ఉండకూడదు. సందు కనిపిస్తే వాడకట్టులో ఎవరో ఒకరు అననే అంటారు. నేను ఆ సీసాల్లో చేసిందీ అదే. ఆక్స్ ఐ డైసీలని తెల్ల చామంతుల్లా కనిపించే పూలు, చుట్టూ పసుపుపచ్చ బటర్‌కప్పులు, నడుమ గులాబిరంగు క్యాంపియన్లు, వరసకి వరస. నిజం చెప్పాలంటే బాగున్నాయి. ఇప్పటికీ అదే అంటాను.

ఆవిడ తన చేత్తో ఒక సీసా చేసి చూపించింది. ముందు వంకర కాడ ఒకటి వేసింది, అది పక్కకి వాలిపోయింది. వాలనిచ్చింది. ఇంకొకటి దానికి అడ్డంగా వేసింది. మూడు డైసీలు మూడు ఎత్తుల్లో, ఒకటి ఇంకా మొగ్గే. ఒక పక్క గడ్డిపరకలు రెండు. ఇంకో పక్క ఏమీ లేదు, గాలి. అయిపోయిందంది.

నన్ను ఆ వారమంతా తొలిచింది ఆ 'అయిపోయింది' అన్న మాటే.

ఎందుకంటే అది ఊరికే అవ్వలేదు. ముందురోజు సాయంత్రం యజమాని పొలం అంచున మేమే పూలు కోశాం. ఎండ తగ్గాకే కొయ్యాలి, వెంటనే బకెట్ నీళ్లలో ముంచాలి. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి నీళ్లు కంపు కొడతాయి. రాత్రంతా చల్లటి గదిలో ఉంచాలి. గసగసాల జాతి ఎర్రపూలు, పాపీలు, ఉంటే కాడ చివర మంటకి కాల్చాలి, లేదంటే మధ్యాహ్నానికే తలలు వేలాడేస్తాయి. కాల్చినా ఒక్కరోజే. పొద్దున పద్నాలుగు టేబుళ్లు, టేబుల్‌కి మూడు చొప్పున నలభై రెండు సీసాలు. మోచెయ్యి బల్ల మీద ఆనించి పిడికిలి పైకి పట్టుకుంటే ఏ పువ్వూ ఆ పిడికిలి దాటకూడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు కనబడాలిగా. ఇన్ని లెక్కలు పాటించి, చివరికి ఎవరూ ఏమీ చెయ్యనట్టు కనిపించాలి! జామ్ సీసాలు కూడా జామ్ తిని దాచినవి కావు. కొత్తవి, డబ్బాల్లో కొని తెచ్చినవి. మెడకి చుట్టే నార తాడు విడిగా చుట్టలుగా వస్తుంది.

మన వైపు పెళ్లిలో పడిన కష్టం కనబడాలి. మండపం చూసి 'ఎన్ని పూలు పట్టాయో' అనుకోవాలి. టేబుల్ మీద పచ్చడి సీసాలో నాలుగు పొలంగట్టు పూలు పెట్టి చూడండి, మేనమామ అలిగి బయటికెళ్లి నిలబడతాడు, ఆయన్ని లోపలికి తేవడానికి ఇంకో గంట. ఇక్కడేమో పెళ్లికూతురి తల్లి అదే సీసా చూసి కళ్లు తుడుచుకుంది. "ఎంత సింపుల్‌గా ఉన్నాయో" అంది. సింపులా! నా వేళ్లు చూడవమ్మా, అందామనుకున్నాను.

ఇంకో సంగతీ చెప్పాలి, ఇందులో తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాతి శుక్రవారం పనికొస్తూ దారి పక్కన కౌ పార్స్లీ చూశాను. కొత్తిమీర మడి అంతా పూతకొచ్చి మనిషి నడుం దాకా లేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, ఇదీ కొత్తిమీర కుటుంబమే. రెండు చేతులా తెచ్చి గర్వంగా బల్ల మీద పెట్టాను. ఆవిడ ముందు కాడలు చూసింది, ఊదా మచ్చలు ఉన్నాయేమోనని. ఉంటే అది హెమ్‌లాక్ అట, సోక్రటీస్ చేత తాగించిన విషం. లేవు. అప్పుడడిగింది ఎక్కడివని. దారిలోవి అన్నాను.

"నీ ఇంటికైతే ఎన్నైనా కోసుకో. ఇక్కడికి తేకు."

ఇక్కడ 1968 నాటి దొంగతనాల చట్టంలో దీని గురించి రాసి ఉంది. అడవిగా పెరిగిన మొక్క నుంచి పువ్వో పండో తెంపుకుంటే దొంగతనం కాదు, కానీ అమ్మడానికో వ్యాపారానికో తెంపితే అవుతుంది. వేళ్లతో సహా పీకడం వేరే సంగతి, నేల యజమాని అనుమతి లేకపోతే 1981 చట్టం కింద నేరం. అంటే అదే పువ్వు నా వంటింటి బల్ల మీద సరదా, పెళ్లివారి బల్ల మీద దొంగసొత్తు. నాకు రోషం వచ్చింది. మా దగ్గర గునుగు కోస్తే ఎవరడిగారు? 'కలుపు పోయింది, ఇంకా కోసుకో బిడ్డా' అనేవాళ్లు రైతులు.

అనేవాళ్లు. అది ఎప్పటి మాటో నాకూ తెలుసు. నేను ఊరొదిలే నాటికే చేలల్లో గడ్డిమందు కొడుతున్నారు, గునుగు కోసం రెండు ఊళ్లు దాటి పోయేవాణ్ణి. హైదరాబాద్‌లో అయితే పండగ ముందు కట్టలు కట్టి అమ్ముతారు, మనం బేరమాడి కొంటాం. ఇక్కడా ఆ కథే, కాస్త ముందు మొదలైందంతే. 1930ల నుంచి చూస్తే పూల గడ్డిమైదానాల్లో 97 శాతం పోయాయి. యుద్ధకాలంలో తిండిగింజల కోసం దున్నారు, తర్వాత ఎరువులేసి గడ్డి ఏపుగా పెంచారు, ఆ గడ్డి కింద పూలు నలిగిపోయాయి. మా యజమాని పొలంలో ఎల్లో రాటిల్ అని ఒక మొక్క విత్తనాలు పనిగట్టుకుని చల్లారు. అది గడ్డి వేళ్లని పట్టుకుని బలం లాగేస్తే పూలకి చోటు దొరుకుతుందట. కలుపుని బతికించడానికి ఇంకో మొక్కని పంపుతున్నారన్నమాట. ఇది విన్నాక రోషం తగ్గింది, పూర్తిగా కాదు.

ఒక్కసారి మాత్రం ఇక్కడివాళ్లు మనవాళ్లలాగే అనిపించారు. మే నెలలో హాథార్న్ కంచె నిండా తెల్లగా పూస్తుంది. ఒక కొమ్మ తుంచి లోపలికి తెస్తుంటే వంటింట్లో గిన్నెలు కడిగే పెద్దాయన తడి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. "బయటికి తీసుకెళ్లు! అది ఇంట్లోకి రాకూడదు." చావు వెంట వస్తుందని వాళ్ల పాత నమ్మకం. ఆ పువ్వులో ఉండే ట్రైమిథైలమైన్ అనే పదార్థం మాంసం కుళ్లినప్పుడూ పుడుతుందని తర్వాత తెలిసింది. ఆయనకి అదంతా అక్కర్లేదు, వాళ్ల అమ్మమ్మ చెప్పింది, అంతే. మొగలిపువ్వు పూజగదిలోకి తెస్తే మా నానమ్మ అరిచిన అరుపు గుర్తొచ్చి, కొమ్మ బయట పెట్టి ఆయనతో కలిసి టీ తాగాను.

మొన్న శనివారం నలభై రెండూ నేనే చేశాను. పదిహేను సీసాల తర్వాత చెయ్యి సందులు వదలడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ వచ్చి చూసి, ఒక్క డైసీని కాస్త పక్కకి వంచి వెళ్లిపోయింది. అతిథులు రాకముందు ఒక టేబుల్ ఫొటో తీసి అమ్మకి పంపాను. ఐదు నిమిషాల్లో వీడియో కాల్.

"పూలు తక్కువ పడ్డయా బిడ్డా?"

"లేదమ్మా, శానా ఉండె."

"మరి నడుమ నడుమ సందులున్నయేంది?"

"కావాల్ననే అట్ల వదిలిన. ఇక్కడ అట్లనే పెట్టాలె."

అమ్మ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూసింది.

"సందులు వదిలినందుకు జీతమిస్తరా?"