కాకినాడ నాకు వార్డులో పరిచయమైంది
మాది పలమనేరు. ఎంబీబీఎస్ సీటు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో వచ్చిందనగానే ఇంట్లో అందరూ ఒకటే మాట, "అంత దూరమా?" అని. మాది ఎస్వీయూ ఏరియా, అంటే తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియా కాలేజీలో మాలాంటి వాళ్లకు కన్వీనర్ సీటు, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే సీటు, రావాలంటే స్థానికులకు పోగా మిగిలే అన్‌రిజర్వుడ్ 15 శాతంలోనే రావాలి. అందుకే మా బ్యాచ్‌లో సీమ పిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. తిరుపతిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం. గూడూరు, విజయవాడ దాటి సామర్లకోటలో మెయిన్ లైను వదిలి కాకినాడ టౌన్‌కు చేరుతుంది.

మొదట ఇబ్బంది పెట్టింది ఉక్కపోత. మా ఊళ్లో సాయంత్రమైతే చల్లగాలి తోలుతుంది. ఇక్కడ సముద్రం పక్కనే ఉన్నా ఒళ్లంతా జిడ్డుగానే ఉంటుంది. వాయుగుండం పట్టిందంటే ఉతికిన ఏప్రన్ (వార్డులో వేసుకునే తెల్లకోటు) ఎంతకీ ఆరదు. కొత్తగా వచ్చే జూనియర్లూ, మూడు ఏప్రన్లు కొనుక్కోండి, రెండు చాలవు. తిండికి మాత్రం తొందరగానే అలవాటు పడ్డాను. పెసరట్టు ఉప్మా ఇప్పుడు నాకూ కావాలి. అమలాపురం వైపు నుంచి వచ్చిన నా రూమ్మేట్ వాళ్లమ్మ ఆవపెట్టి వండి పంపే పనసపొట్టు కూర ఎంత బాగుంటుందో చెప్పలేను. దానికి బదులుగా మా అమ్మ చేసిన ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) డబ్బా ఇస్తే, ఆ పిల్ల వేడన్నంలో నెయ్యేసుకుని రెండు రోజుల్లో ఖాళీ చేసేసింది. సంగటి మీద బెంగ మాత్రం ఇంకా ఉంది.

ఫస్టియర్ అంతా అనాటమీయే. డిసెక్షన్ హాల్లో అడుగుపెట్టే ముందు, దేహాన్నిచ్చిన మనిషిని గౌరవిస్తామని ప్రమాణం చేయించారు. లోపల ఫార్మలిన్ ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉండేవి. సీనియర్ల దగ్గర కొన్న బోన్ సెట్, చౌరాసియా అనాటమీ పుస్తకాలు, వైవా టెన్షన్, వీటితోనే ఏడాది గడిచిపోయింది. ఆ ఏడాదిలో నాకు తెలిసిన కాకినాడ అంటే హాస్టలు, కాలేజీ, భానుగుడి సెంటర్, ఎప్పుడైనా సుబ్బయ్యగారి హోటల్ భోజనం. అంతే.

ఊరు నిజంగా పరిచయమైంది సెకండియర్‌లో వార్డు పోస్టింగులు మొదలయ్యాకే. హిస్టరీ, అంటే రోగి వివరాలు, తీసుకునేటప్పుడు పేరు, వయసు, తర్వాత వృత్తి, అడ్రసు రాయాలి. పెద్దాసుపత్రిలో ఒక్క వార్డు తిరిగితే ఆ అడ్రసుల్లో పాత తూర్పుగోదావరి జిల్లా అంతా కనిపిస్తుంది. 2022లో జిల్లా ముక్కలైంది కానీ జబ్బు ముదిరితే చాలామంది ఇప్పటికీ ఇక్కడికే వస్తారు. కొబ్బరిచెట్టు మీద నుంచి పడి నడుం విరిగిన కోనసీమ దింపు కార్మికుడు, తుని వైపు నుంచి పాము కరిచి వచ్చిన రైతుకూలీ, చలిజ్వరం తగ్గని పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న ఏజెన్సీ తల్లి. అందరివీ పక్కపక్క మంచాలే.

ఉప్పాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని మాత్రం మర్చిపోలేను. దగ్గు, ఆయాసం. ఆయన మాట్లాడలేకపోతుంటే పక్కన భార్య చెబుతోంది. ఏం పని చేస్తారని అడిగాను. "మగ్గం అండి, జాందానీ" అంది. నేను రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లబోతే, "ఎప్పుడు పంపిస్తారు డాక్టరమ్మగారూ?" అని అడిగింది. అప్పటికే అది రెండోసారో మూడోసారో. జబ్బేమిటని కాదు, ఎప్పుడు పంపిస్తారనే. ఎందుకంత తొందరని అడిగితే చెప్పింది. ఆ మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలట. పువ్వు పువ్వుకీ విడిగా దారం చేత్తో దూర్చాలట. ఎలాగో దుప్పటి అంచు మీద వేళ్లు ఆడించి చూపించింది. "ఈయనిక్కడ పడుకున్నారు, నేనిక్కడ కూర్చున్నాను. చీర సగంలో ఉండిపోయిందండి" అంది. ఆయన మంచాన పడితే ఆ ఇంట్లో ఒకరి కూలి కాదు, ఇద్దరి కూలీ పోతుంది. ఆ సంగతి కేస్‌షీట్‌లో ఏ గడిలోనూ పట్టదు. కానీ అది తెలియకపోతే, నాలుగు రోజులకే ఇంటికి పోతామని ఆవిడ ఎందుకు పట్టుబడుతోందో అర్థం కాదు. మందులు పూర్తిగా వాడమని ఎలా ఒప్పించాలో కూడా తెలియదు.

ఆ వచ్చిన ఆదివారం నేనూ రూమ్మేటూ ఉప్పాడ బస్సెక్కాం. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీరలవి. మగ్గం దగ్గర కూర్చుని చూశాను. ఏ వైపు తిప్పినా పువ్వు ఒకేలా ఉంది. వాళ్లు కళ్లు చికిలించి, మెడ వంచి గంటల తరబడి అలాగే కూర్చుంటున్నారు. సముద్రం కోసుకుపోయిన ఒడ్డు, అలలు మళ్లీ మళ్లీ దెబ్బతీసే బీచ్ రోడ్డు కూడా అప్పుడే చూశాను. ఆ తర్వాత ఉప్పాడ అన్న పేరు ఏ కేస్‌షీట్‌లో కనిపించినా, చేపల వేటా నేత పనా, ఇల్లు ఒడ్డుకు ఎంత దూరం అని అడగాలనిపిస్తుంది. అడుగుతున్నాను కూడా.

పీజీ ఎంట్రన్స్‌కు ఇప్పటినుంచే చదువుకోండి, ఊళ్లు తిరగొద్దని కొందరు సీనియర్లు చెబుతారు. చదవాల్సిందే, కాదనను. కానీ నొప్పి పొడిచినట్టుందా, పీకినట్టుందా, మంటగా ఉందా అని ఒక ముసలమ్మను ఓపిగ్గా అడిగి చెప్పించుకోవడం ఏ కోచింగులోనూ రాదు. ఆ అమ్మ ఊరు మనకు తెలుసంటే ఆవిడ ఇంకో రెండు మాటలు ఎక్కువ చెబుతుంది. నాకైతే జబ్బు జాడ చాలాసార్లు ఆ రెండు మాటల్లోనే దొరికింది.

ఈసారి పరీక్షలయ్యాక వెంటనే ఇంటికి రానని అమ్మకు చెప్పేశాను. మారేడుమిల్లి ఘాట్ మీదుగా ఏజెన్సీలోని చింతూరు దాకా బస్సులో వెళ్లాలి. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకుని ఆ దారిలో ఇక్కడిదాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నేను కూర్చుని చూడాలి. తోడు రావాలనుకునే క్లాస్‌మేట్స్ ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.