జలపాతం దారిలో పారపని

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఒక అలిఖిత నియమం ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే, ప్రయాణ బడలిక తీరిన మొదటి శనివారం మల్ట్‌నోమా జలపాతం చూపించాలి. 620 అడుగుల నీటిధార, దానికి అడ్డంగా 1914లో కట్టిన బెన్సన్ వంతెన, ఆ వంతెన మీద కుటుంబం మొత్తం కలిసి ఒక ఫొటో, దిగి వచ్చాక 1925 నాటి రాతి లాడ్జి ముందు కాఫీ. ఈ మొక్కు నేను ఎందరి చేత తీర్పించానో లెక్కలేదు. జలపాతం దాకా వెళ్లే బాటను ఎవరు బాగుచేస్తారన్న ప్రశ్న మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

ఈ వసంతంలో, ఆ జలపాతం ఉన్న కొలంబియా నది లోయకే పార పట్టుకుని వెళ్లాను. నాలో సేవాభావం పొంగిపొర్లిందని అనుకోకండి. మా స్నేహితుడి కూతురు పదకొండో తరగతి. కాలేజీ దరఖాస్తుల్లో చూపించుకోవడానికి స్వచ్ఛంద సేవ చేసిన గంటలు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పెద్దవాళ్ల తోడు ఉండాలన్నారు. వాళ్ల నాన్నకు నడుంనొప్పి. "బాబాయ్, నువ్వు ఊరికే పక్కన నిలబడితే చాలు" అంది. పక్కన నిలబడితే సరిపోదని అక్కడికి వెళ్లాక తెలిసింది.

మేం వెళ్లింది మల్ట్‌నోమాకు కాదు, దానికి కొంచెం పడమరగా ఉన్న ఏంజెల్స్ రెస్ట్ బాటకు. పోర్ట్‌లాండ్ శివారు హిల్స్‌బరో నుంచి గంట ప్రయాణం. 84వ నంబరు రహదారి దిగగానే బాట మొదలు. పైన 1,600 అడుగుల ఎత్తున కొండకొమ్ము, మధ్యదారిలో కూపీ జలపాతం. ఎత్తులో మల్ట్‌నోమాతో పోల్చదగ్గది కాదు. కానీ దీన్ని పైనుంచి చూడాలి. బాట అంచున నిలబడితే నీళ్లు మన కాళ్లకంటే కింది నుంచి లోయలోకి జారిపోతుంటాయి. చాలామంది కొండకొమ్ము ధ్యాసలో పడి దీన్ని పట్టించుకోకుండా వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ కొమ్ము కంటే ఇదే ఇష్టం.

పొద్దున్నే బండ్లు ఆపేచోట అందరం చేరాం. తలా ఒక హెల్మెట్, చేతి తొడుగులు. బాట బాగుచేసే మా బృందానికి నాయకురాలు పదవీ విరమణ చేసిన ఒక పెద్దావిడ. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది. నేల మీద పరిచిన పనిముట్లలో నాకు పేరు తెలిసినవి గునపం, రంపం, కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర. తెలియనివి రెండు. ఒకటి మెక్‌లౌడ్: ఒకవైపు దంతె, రెండో వైపు వెడల్పాటి పార. ఇంకొకటి పులాస్కీ: ఒకే కర్రకు ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు సన్నటి పార. దీనికి ఆ పేరు ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి వల్ల వచ్చింది. 1910లో ఐడహోలో పెద్ద కార్చిచ్చు రేగినప్పుడు ఆయన తన మనుషులను ఒక పాత గని సొరంగంలోకి తోసి, బయటికి పరుగెత్తబోయినవాళ్లను తుపాకీ చూపించి ఆపి, చాలామంది ప్రాణాలు కాపాడాడు. అడవి మంటతో పోరాడేవాడు రెండు పనిముట్లు మోయలేడని ఆ తర్వాత ఈ రెండింటినీ కలిపినదాన్ని వాడుకలోకి తెచ్చాడు.

పనిముట్లు పట్టుకోవడానికీ పద్ధతి ఉంది. భుజాన వేసుకోకూడదు. కర్రను నడుము కంటే కిందికి, లోయ వైపున్న చేత్తో పట్టుకోవాలి. జారితే దాన్ని లోయలోకి విసిరేసి మనం కొండవైపు పడాలి. మనిషికీ మనిషికీ మధ్య పది అడుగుల దూరం. రాయి దొర్లితే ఏ భాషలోనైనా సరే, గట్టిగా అరవాలి. మూడేసి ఆకులు గుత్తిగా మెరుస్తూ కనిపించే మొక్కను ముట్టుకోకూడదు. అది పాయిజన్ ఓక్, వారం రోజులు గోక్కోవాల్సి వస్తుంది.

బాట మొదట్లో రాళ్లగుట్ట దాటాలి. తర్వాత అడవి. అడవి అంటే, సగం నల్లటి మానులు, సగం పచ్చటి పొదలు. ఆ అమ్మాయి ఒక మాను బెరడు మీద వేలు పెట్టి గీసింది. వేలు నల్లబడింది.

"ఇన్నేళ్లయినా మసి పోలేదా?"

2017 సెప్టెంబరు 2న, ఇక్కడికి తూర్పున ఉన్న ఈగిల్ క్రీక్ లోయలోకి పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు సరదాకి వెలిగించిన టపాకాయ విసిరాడు. ఎండాకాలం చివరిరోజులు, పుల్ల గీస్తే అంటుకునేలా ఉంది అడవి. మంట 48,000 ఎకరాలకు పైగా పాకింది. వెనక్కి వచ్చే దారి మూసుకుపోయి దాదాపు 150 మంది ఆ రాత్రంతా అడవిలోనే గడిపారు. నిప్పురవ్వలు కొలంబియా నదిని దాటి అవతలి వాషింగ్టన్ రాష్ట్రపు కొండల మీద పడ్డాయి. పోర్ట్‌లాండ్‌లో కార్ల మీద బూడిద రాలింది. మల్ట్‌నోమా దగ్గరి లాడ్జి మీద అగ్నిమాపక సిబ్బంది తెల్లవార్లూ నీళ్లు చిమ్మి కాపాడారు. నిజానికి ఈ ఏంజెల్స్ రెస్ట్ కొండకు అది మొదటి మంట కూడా కాదు, 1991లో ఒకసారి కాలింది. రెండోసారి కాలాక ఏడాదికి పైగా బాట మూసే ఉంచారు.

"ఆ అబ్బాయికి ఏం శిక్ష వేశారు?"

3.66 కోట్ల డాలర్ల నష్టపరిహారం. పదేళ్లు సక్రమంగా కడుతూ, మళ్లీ ఏ నేరమూ చేయకుండా ఉంటే మిగతాది ఆపేయవచ్చన్నారు. అది కాక 1,920 గంటలు సమాజసేవ. గంటల మాట వినగానే అమ్మాయి నడక నెమ్మదించింది. ఏదో లెక్క కట్టింది. "శనివారం శనివారం ఎనిమిది గంటలు చేసినా నాలుగేళ్లు దాటుతుంది బాబాయ్." తన కంటే ఒక్క ఏడాది చిన్నవాడు. ఆ తర్వాత చాలాసేపు తన గంటల ఊసు ఎత్తలేదు.

జలపాతం పై అంచుకు చేరాక నాయకురాలు మమ్మల్ని నిలబెట్టి, ఇక్కడ చెడిపోయింది ఏమిటో చూసి చెప్పమంది. నాకు కనిపించింది పొదలు. ముళ్ల బ్లాక్‌బెర్రీ తీగలు, మొదలు కాలినా వేరు నుంచి మళ్లీ చిగిర్చిన మేపుల్ మండలు. అవి కొట్టేస్తే జలపాతం కనిపిస్తుంది, ఇంటికి పోవచ్చు అనుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి బాట చూపించింది. నడిచీ నడిచీ బాట మధ్యలో గుంతపడింది. బయటి అంచున మట్టి పేరుకుని సన్నటి గట్టు కట్టింది. వాన పడితే నీళ్లు లోయలోకి జారకుండా గట్టుకూ కొండకూ మధ్య ఇరుక్కుని, బాటనే కాలువ చేసుకుని పారుతున్నాయి. బురదలో కాలు పెట్టడం ఇష్టంలేనివాళ్లు అంచు మీద నడుస్తారు. అంచు విరుగుతుంది. ఇంకొంచెం పక్కకు నడుస్తారు. పక్కనుండేది లోయే.

లోయలో బొన్నెవిల్ ఆనకట్ట దగ్గర ఏడాదికి 70 అంగుళాలు దాటి వాన పడుతుంది. మంటకు ముందు ఆ వానను ఆకుల కప్పూ, నేలను వేళ్లూ పట్టి ఉంచేవి. ఇప్పుడు రెండూ పలచబడ్డాయి.

అసలు ఈ జలపాతాలున్నదే వరదల పుణ్యాన. సుమారు 15,000 ఏళ్ల కిందట, మంచుయుగం చివర్లో, మంచుగడ్డ ఆనకట్టలా అడ్డుపడడంతో మోంటానా రాష్ట్రంలోని మిసౌలా ప్రాంతంలో నిలిచిన సరస్సు పదే పదే తెగి ఈ లోయగుండా ముంచెత్తింది. లావా గట్టిపడి ఏర్పడిన బసాల్టు కొండల పక్కలను నిట్టనిలువునా చెక్కేసింది. వాగులు గాలిలో వేలాడాయి, జలపాతాలయ్యాయి. నీళ్లు కట్టిన అందాన్ని నీళ్ల నుంచే కాపాడాల్సి రావడం కొంచెం విచిత్రమే.

పని మొదలైంది. ముందు మెక్‌లౌడ్ దంతెతో రాలిన ఆకుల పొర లాగేయాలి. మెత్తగా, నల్లగా, పుట్టగొడుగుల వాసనతో ఉంటుంది. ఎంత బాగున్నా బాట మీద పనికిరాదు, నీటిని పీల్చి పట్టుకుంటుంది. దాని కింద ఎర్రగోధుమ రంగు గట్టి మట్టి తగిలేదాకా గీకాలి. తర్వాత అంచున ఉన్న గట్టును పులాస్కీతో తెగ్గొట్టి, బాట మొత్తం లోయ వైపు కాస్త వాలేలా చదును చేయాలి. వాలు కంటికి కనిపించీ కనిపించనట్టు ఉండాలి. ఎక్కువైతే మనిషి జారతాడు, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. ఎత్తు నుంచి దిగే చోట్ల, నీటిని పక్కకు తిప్పే పల్లాలు ఏటవాలుగా తవ్వాలి.

మా తాత పొలంలో మడవ తిప్పినట్టే ఉంది ఇది. తేడా ఒక్కటే, ఆయన నీటిని చేలోకి రప్పించేవాడు, మేం పొమ్మని సాగనంపుతున్నాం. తాత పార పడితే మూడు దెబ్బల్లో అయ్యేది. నాకు అరచేయి బొబ్బలెక్కింది. పల్లం తవ్వాక నాయకురాలు తన సీసాలో నీళ్లు ఎగువన ఒంపి, గొంతుకూర్చుని చూసింది. నీళ్లు రెండడుగులు బుద్ధిగా వచ్చి, చివర్లో ఆగి, చిన్న మడుగై నిలిచాయి. ఏమీ అనలేదు. పార మళ్లీ నా చేతికిచ్చింది. నోరు వెడల్పు చేసి, తవ్విన మట్టిని దూరంగా విసిరాక రెండోసారి ఒంపింది. ఈసారి ఆగకుండా జారిపోయాయి.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తెరిచాం. ఒకాయన రుచి చూసి, ఇందులో వేసిన పల్లీలు వేయించినవా అని అడిగి, ఇంకో చెంచా పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం తర్వాతి పని నేను ఊహించనిది. అసలు వ్యూ పాయింట్ ఒకటే అయినా, ఇంకా బాగా కనిపిస్తుందని జనం పొదల్లోంచి అంచు దాకా దొంగదారులు వేసుకున్నారు. ఒక్కోటీ ఒక్కో జారుడుబండ. ఒకచోట చెట్టు వేళ్లు బయటపడి, వాటి కింద మట్టి కరిగి, కేవలం గాలి మీద నిలబడి ఉంది నేల. వాటిని మూసేయాలి. జలపాతం కనిపించేలా చేయడానికి వచ్చి, జలపాతం కనిపించే చోట్లు ఒక్కొక్కటిగా మూశాం.

మూయడం అంటే అడ్డంగా నాలుగు కొమ్మలు పడేయడం కాదు. తొక్కి తొక్కి సిమెంటులా అయిన మట్టిని ముందు పులాస్కీతో గుల్ల చేయాలి. ఎగువ నుంచి ఫెర్న్ మొక్కలు వేళ్లతో సహా తవ్వితెచ్చి నాటాలి. కాలి పడిన మానులను దొర్లించి, వాటి మొదళ్లను నేలలో పాతాలి, ఎప్పటినుంచో అక్కడే పడి ఉన్నట్టు అనిపించాలి. ఎంత దూరం? బాట మీద నిలబడ్డ మనిషి కంటికి ఆనేంత దూరం. ఆ అమ్మాయి దీనిలో ఆరితేరింది. మోచేతుల దాకా మసితో, బాట మీదికి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి ఒక కొమ్మను జానెడు పక్కకు జరిపేది. ఆల్చిప్ప ఆకారంలో ఉన్న ఒక మొద్దును ఎక్కడ పెట్టాలో తేల్చడానికి చాలాసేపు పట్టింది.

అంతలో ఒక తెలుగు బృందం వచ్చింది. మా హెల్మెట్లు చూసి ముందు ఇంగ్లీషులో, మా మాటలు విని తర్వాత తెలుగులో పలకరించారు. అందులో ఒకతను "దీనికి ఎంత ఇస్తారండీ?" అని అడిగాడు. ఏమీ ఇవ్వరన్నాను. నమ్మలేదనుకుంటా, ఇంకెవరినో అడగడానికి ముందుకు పోయాడు. అతని భార్య మూసిన దారివైపు చూసి, "ఇక్కడి నుంచి ఫొటో బాగా వస్తుందని విన్నామే" అంది. నేను సర్దిచెప్పబోయేలోపే అమ్మాయి అందుకుంది: "ఆంటీ, దాని కింద మట్టి లేదు. రండి, చూపిస్తాను." పక్కనుంచి ఆ వేళ్ల కింది ఖాళీని చూపించింది. ఆవిడ గబుక్కున పిల్లాడి చేయి పట్టుకుంది.

చివరికి మిగిలింది అసలు వ్యూ పాయింట్. 1986లో వచ్చిన చట్టంతో ఈ లోయ జాతీయ సుందర ప్రాంతం అయింది. ఇష్టమొచ్చినట్టు చెట్లు కొట్టడానికి వీల్లేదు. ఏది తీయవచ్చో నాయకురాలు ముందే అటవీశాఖవాళ్లతో మాట్లాడి వచ్చింది. బ్లాక్‌బెర్రీ తీగలు మొదలంటా పీకాం. అవి ఎలాగూ ఇక్కడివి కావు, వదిలితే మిగతావాటిని మింగేస్తాయి. నేల మీదికి వాలిన మేపుల్ మండలు కత్తిరించాం. అయినా ఒక లేత మేపుల్ జలపాతంలో సగాన్ని కప్పి నిలబడింది. అమ్మాయి కత్తెర ఎత్తింది. నాయకురాలు వద్దంది.

"దాని వేళ్లే ఈ అంచును పట్టుకున్నాయి. చలికాలం ఆకు రాలాక మొత్తం కనిపిస్తుంది."

"ఎండాకాలం వచ్చేవాళ్లకు?"

"సగం కనిపిస్తుంది."

అమ్మాయికి నచ్చలేదు. దిగేటప్పుడు దారి పొడవునా నాతో వాదించింది. ఫొటోకు వచ్చేవాళ్లకు సగం జలపాతం చాలదనీ, చాలకపోతే మళ్లీ దొంగదారులు పడతాయనీ. ఆ మాటలో పస ఉంది. నేను నాయకురాలి పక్షమే. కానీ ఆ అమ్మాయిని ఒప్పించగల జవాబు నా దగ్గర లేదు.

కొన్ని వారాల తర్వాత, రాత్రంతా వాన కురిసిన ఒక ఆదివారం మేమిద్దరం మళ్లీ వెళ్లాం. నేను తవ్విన పల్లాల్లో ఒకదాని నోట్లో ఆకులు అడ్డుపడి నీళ్లు నిలిచాయి. బూటు మడమతో తన్నితే వదిలాయి. మిగతావి చక్కగా పారుతున్నాయి. ఫెర్న్ మొక్కల్లో కొన్ని వాలిపోయాయి, కొన్ని కొత్త చుట్టలు విప్పుతున్నాయి. వేళ్లు బయటపడ్డ చోటు జోలికి ఎవరూ పోలేదు. మేపుల్ పక్కన మాత్రం, ఆల్చిప్ప మొద్దును ఎవరో పక్కకు దొర్లించి అంచు దాకా దారి చేసుకున్నారు. అమ్మాయి నావైపు చూసి, చెప్పానా లేదా అన్నట్టు కనుబొమలెగరేసింది. ఫోనులో రెండు ఫొటోలు తీసి నాయకురాలికి పంపింది. మేం కిందికి దిగేలోపే జవాబు వచ్చింది: ఈసారి పెద్ద మొద్దు, రెండు గునపాలు.